ఎంపీ ఓటు

మా పార్లమెంటు సీటు చరిత్ర నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మా అన్న లేవి అన్నం తింటూ చెప్పేవాడు. ఆదోనిలో హైస్కూలు సోషల్ అయ్యవారుగా చేసి రిటైరయిన మనిషి, నోట్లో ముద్ద ఉన్నా పాఠం ఆగదు. మొట్టమొదటి ఎన్నికలకు మా తాత ఎద్దులబండెక్కి పోయి ఓటేసి వచ్చాడట. ఆ బండి పెద్దింటివాళ్లది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఆటోలు వచ్చాయి. బండ్లు మారాయి గానీ, బండ్లు పంపే ఇండ్లు మాత్రం ఆ రెండే. ఒకసారి ఈ ఇంటాయన, ఇంకోసారి ఆ ఇంటాయన. నడుమ ఒకసారి ఇద్దరూ ఒకే పార్టీలో కలిసిపోతే, మా పల్లెవాళ్లు ఎవరి మనుషులమని చెప్పుకోవాలో తెలియక ఇద్దరి కోసమూ ప్రార్థన చేయించారట. ఇది చెప్పినప్పుడల్లా మా అన్నకు నవ్వాగేది కాదు.

నవ్వు అయిపోయాక మాత్రం ఒక మాట అనేవాడు. "మన దగ్గరికొచ్చి ఓటడిగినోళ్లు శానామంది ఉండారు పాపా. మన దగ్గరినుంచి పోయి అడిగినోడు ఒక్కడూ లేడు."

పోయిన ఎన్నికల ఎండాకాలం ఆ ఒక్కడు మా అన్నే అయ్యాడు.

ఎట్లా అయ్యాడంటే, నామినేషన్లు దగ్గరపడినాక ఒక పార్టీ తరఫున నిలబడాల్సిన పెద్దింటాయన అవతలి పార్టీలోకి దూకాడు. ఖాళీ పడిన సీటుకు ఎవరో ఒకరు కావలసివచ్చారు. చదువుకున్నవాడై ఉండాలి, కేసులు లేనివాడై ఉండాలి, చర్చిల్లో మాట చెల్లేవాడై ఉండాలి. ఇవన్నీ చూసి మా అన్నను పిలిచారు. గెలిపించడానికి పిలిచారో, నిలబెట్టడానికి పిలిచారో ఆయన అడగలేదు. అడిగే మనిషైతే అసలు పోయేవాడే కాదు.

ఆ కబురు మా ఇంటికి తెచ్చింది మా ఆయన క్రాంతి కుమార్. ఆలూరు నుంచి మోటారు సైకిలు మీద మిఠాయి పొట్లం తెచ్చి, నా చేతిలో పెట్టి, "మీ అన్న ఎంపీ అయితాండాడు" అన్నాడు. మా ఆయన మునుపు మా ఊళ్లో ఉపాధి పనుల ఫీల్డ్ అసిస్టెంట్. ప్రభుత్వం మారగానే తీసేశారు. ఐదేండ్లుగా పని లేదు, తెల్లచొక్కాకు ఇస్త్రీ మాత్రం తప్పలేదు. నా కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తుంటే ఆయన వీరభద్ర వెంట తిరిగేవాడు. వీరభద్ర అంటే మా అన్న పార్టీ తరఫునే మా దగ్గర ఎమ్మెల్యేకు నిలబడినాయన. ఆయన గెలిస్తే మా ఆయన పని మా ఆయనకు వస్తుంది. ఇది ఊరందరికీ తెలిసిన లెక్కే.

ఇక్కడ మా సీమ సంగతి ఒకటి చెప్పాలి. ఓట్ల రోజు ఒక్కొక్కరికి రెండు ఓట్లు, రెండు మిషన్లు. మొదటిది ఎంపీకి, రెండోది ఎమ్మెల్యేకి. మావైపు ఓటంటే ఎమ్మెల్యే ఓటే. పింఛను, పోలీస్ స్టేషను, బోరుకు కరెంటు, ఫీల్డ్ అసిస్టెంట్ పని అన్నీ ఎమ్మెల్యే చేతిలోవి. ఎంపీ ఢిల్లీలో ఉంటాడు. అందుకే ఎమ్మెల్యేకు నిలబడినవాళ్లు ఎంపీ ఓటును చిల్లర లాగా వాడుకుంటారు. నా ఎంపీ ఓట్లు మీ వానికి వేయిస్తాను, మీ ఎమ్మెల్యే ఓట్లు నాకు వేయించు అని అవతలి పార్టీవాళ్లతో లోపల్లోపల మాట్లాడుకుంటారు. ఒకే బండి మీద చేతులూపుతూ తిరిగిన ఇద్దరిలో ఒకడు గెలిచి, ఇంకొకడు ఓడిపోయేది ఇందుకే. మా అన్నకు ఇది తెలియక కాదు. ఎవరైనా హెచ్చరిస్తే, యాడన్నా చేస్తే చెయ్యనీలే, మా చెల్లెలి ఊరుండాది గదా అనేవాడు.

మా ఊరంటే అన్నకు అంత ధీమా ఎందుకంటే, మా పల్లె మొత్తం ఒకే చర్చి, ఒకే బూత్. మిషనరీ తెల్లదొరల కాలంలో కట్టిన రాతి చర్చి. మాకు అన్నీ ఉన్నాయి గానీ సమాధుల తోటకు దారి లేదు. తోట వంక అవతల, అంటే వాగు అవతల ఉంటుంది. నేరుగా పోయే దారికి అడ్డంగా అవతలి పార్టీ పెద్దమనిషి చేను ఉంది. ఆయన రాతి కూసాలు నాటి తీగె లాగాడు. వానాకాలంలో ఎవరన్నా చనిపోతే మోకాటి లోతు నీళ్లలో వంకగుండా మోసుకుపోవాలి. మా అన్న మైకు పట్టుకుని మా ఊళ్లో చేసిన మొదటి వాగ్దానం ఆ దారి. ఢిల్లీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

నామినేషన్ వేసిన తర్వాతి ఆదివారం అన్న మా చర్చికి వచ్చాడు. మా సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుని పేరు మీద ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. అది చర్చిది, ఇంట్లో పస్తున్నా ముట్టరు. ఆ ఆదివారం అందరూ ఆ పిడికెడు బియ్యం మూటలు తెచ్చి, లేవి వెంట తిరిగే పిల్లోళ్లకు అన్నం వండిపెట్టమని ఇచ్చారు. జీవమ్మవ్వ అందరికంటే పెద్ద మూట తెచ్చింది. పల్లెలో అందరికంటే పెద్దది ఆమె. మొగుడు పోయినప్పటినుంచి ఒంటరిగా ఉంటుంది. ఆ మూటకు ఆమెకు ఎన్ని నెలలు పట్టి ఉంటుందో నేను ఊహించగలను.

తర్వాత పాస్టరు అయ్యగారు అన్నను మోకరించమన్నారు. సంఘపెద్దలు చుట్టూ నిలబడి తలమీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. సంఘపెద్దల్లో చిన్నవాడు మా ఆయన. చిన్నవాళ్లు క్లుప్తంగా ముగించాలి గానీ ఆ రోజు మా ఆయన ప్రార్థనే అందరికంటే పొడుగు. కొంగుతో కండ్లు తుడుచుకుంటూ, ఈయన ఇంత మంచివాడని ఇన్నేండ్లు తెలుసుకోలేకపోయానే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎండలు ముదిరినకొద్దీ ప్రచారం ముదిరింది. అన్న వీరభద్ర పక్కన జీపులో నిలబడి తిరిగాడు. తిరిగి తిరిగి నల్లబడ్డాడు. మా ఇంటికొచ్చిన రోజు మజ్జిగ తాగుతూ, వీరభద్ర తన పేరు చెప్పేటప్పుడు గొంతు పెద్దగా పెడతాండాడు, నా పేరు కాడికొచ్చేసరికి దగ్గుతాండాడు అని నవ్వాడు. మా ఆయన వెంటనే అందుకుని, ఆయనకు దుమ్ము పడదులే బావా అన్నాడు.

ప్రచారం బందయ్యే రోజు మా ఆయన నన్ను ఆదోనికి పొమ్మన్నాడు. బావ ఇంట్లో ఏజెంట్లకు వంట చేసేవాళ్లు లేరు, నువ్వు తోడుంటే ధైర్యంగా ఉంటాడు, ఊరు నేను చూసుకుంటా అన్నాడు. తానే బస్సెక్కించాడు. ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, బస్సు కదిలేదాకా ఉన్నాడు. పెండ్లయిన కొత్తలో కూడా అట్లా నిలబడలేదు ఆ మనిషి.

ఓట్ల రోజు మధ్యాహ్నం ఊరికి వచ్చి బూత్‌కు పోయాను. మా పల్లె ఆడవాళ్లు నన్ను చూసి అదోలా అయ్యారు. ఒకామె నా చేయి పట్టుకుని ఒత్తింది, ఇంకొకామె చూపు తిప్పుకుంది. జీవమ్మవ్వ అప్పటికే ఓటేసి బడి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను పిలిచి నా చెంపలు నిమిరి, "నీ అన్నలాంటోడు మల్ల పుట్టడు తల్లీ" అంది. కండ్లనిండా నీళ్లు. మావాళ్ల మనిషి పేరు మిషన్ మీద చూసుకున్న సంతోషం అనుకున్నాను. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం, వేరే వేరే కారణాలకు.

లెక్కింపు రోజు వీరభద్ర గెలిచాడు. మా అన్న ఓడిపోయాడు, అదీ మామూలుగా కాదు. తన సొంత ఆదోనిలో కాస్త నిలబడ్డాడు. మావైపు వచ్చేసరికి అసలు లేడు. ఇప్పుడు ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. మా బూత్‌లో వీరభద్రకు కుప్పగా పడ్డాయి. మా అన్నకు పడినవి మా పల్లె ఇండ్లకంటే తక్కువ. నేను వేసిన ఓటు వాటిలో ఒకటి.

అన్న ఫోన్ చేశాడు. ఓడిపోయానని చెప్పలేదు. "మన ఊరు ఎట్లయింది పాపా?" అని అడిగాడు. ఆయనకు తెలియక కాదు, నా నోటితో వేరేలా వినాలని ఆశ. నేను చెప్పలేకపోయాను. అన్నం తిను అని ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన చొక్కానిండా గులాలుతో వచ్చాడు. నా మొగం చూసి నవ్వు లోపలికి మింగాడు. పక్కన కూర్చుని నా భుజం మీద చేయి వేశాడు.

"మనోళ్లను నమ్మకూడదు దీవెనా," అన్నాడు. "అవతలోళ్ల దుడ్లు తీసుకున్యారు. నేను ఒక్కన్ని ఎంతమందిని ఆపల్ల?"

నేను నమ్మాను. అన్న తలమీద చేతులు పెట్టినవాళ్లు, పిడికెడు బియ్యం మూటలు మోసుకొచ్చినవాళ్లు, వాళ్లే గొంతు కోశారనుకున్నాను. నాకు కోపమొస్తే దాచుకోవడం రాదు. మరునాటినుంచి పల్లెలో ఎవరితోనూ మాట్లాడలేదు. కుట్టడానికి తీసుకున్న రవికె గుడ్డలన్నీ ఎవరివి వాళ్లకు తిప్పి పంపాను. జీవమ్మవ్వ తానే వచ్చి, ఏం తప్పు చేసినాం తల్లీ అని అడిగితే, నీ వయసుకైనా సిగ్గుండాల అని మొగం మీద తలుపు వేశాను. ఆమె వచ్చిన దారినే వెనక్కి పోయింది. లోపల మంచం మీద కూర్చున్న మా ఆయన ఇదంతా విన్నాడు. వద్దని కూడా అనలేదు.

ఓడినా గెలిచినా మా సంఘానికి వచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటానని అన్న ముందే మొక్కుకున్నాడు. రావద్దన్నాను. ఆ మొగాలు చూడొద్దన్నాను. మొక్కు దేవునికి గదా, వాళ్లకు కాదు గదా అని మరుసటి ఆదివారం బస్సు దిగాడు. జీపూ లేదు, వెంట ఎవరూ లేరు. తెల్లచొక్కా కాలరు దగ్గర వదులైపోయింది.

చర్చిలో వాక్యం అయిపోయాక సాక్ష్యాల సమయం వస్తుంది. మేలు పొందినవాళ్లు లేచి నలుగురి ముందు చెప్పుకోవాలి. అన్న లేచి రెండు మాటలు మాట్లాడాడు. ఓడిపోయినా ఆరోగ్యం ఇచ్చినందుకు స్తోత్రం అన్నాడు. మీరు పెట్టిన అన్నం మరిచిపోను అన్నాడు. ఒక్కరినీ తప్పు పట్టలేదు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, ఇప్పుడన్నా వీళ్లకు తలలు దిగుతాయా అని చూస్తున్నాను. దిగలేదు. అందరూ ఆయన వైపు ప్రేమగా చూస్తున్నారు. అది చూసి నాకు ఇంకా మండింది.

జీవమ్మవ్వ గోడ పట్టుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం," అంది. "నాకు మాట్లాడేకి రాదు. మా ఆయప్పను వంకలో మోసుకపోయిన దినం మోసేటోళ్ల కాలు జారి పెట్టె నీళ్లల్లో పడింది. ఈ కండ్లతో చూసినా. అందుకే లేవి నాయన క్రాంతితో మాట పంపినప్పుడు రెండు దినాలు ఏడ్చినా. తోటకు దారి ఇడుస్తారంటే నాయన తన ఓట్లే ఇడిసిపెట్టుకున్యాడు. ఎంపీ ఓటు అవతలోళ్లకు ఎయ్యండి, నా చెల్లెలితో అనొద్దు, తట్టుకోలేదు అని చెప్పి పంపినాడు. మిషన్ మీద నాయన ఫోటో చూస్తే నా చెయ్యి రాలేదు. అయినా మాట దాటగూడదని అవతలి గుర్తే నొక్కినా. అందరితో నొక్కించినా. దారి ఇంకా ఇడవలేదు, ఇడుస్తారు. మనకోసరం తన్ను తాను తగ్గించుకున్యాడు ఆయన. అది చెప్పేకి లేసినా."

నాకు ఒక్కొక్కటిగా అర్థమయింది. ప్రచారం బందయినాక మైకులు, మీటింగులు ఉండకూడదు గానీ ప్రార్థన పెట్టుకుంటే ఎవరూ ఆపరు. నేను ఆదోనిలో అన్నం వండుతుంటే మా ఆయన వీరభద్ర పంపగా ఇంటింటికీ ప్రార్థన పేరుతో పోయి ఈ మాట చెప్పాడు. వేరే ఏ ఊళ్లోనైనా ఈ అబద్ధం చెల్లేది కాదు. నిలబడినవాడు తానే ఓడిపోతానంటాడా అని నవ్వి పొమ్మనేవాళ్లు. మా వాళ్లు నవ్వలేదు. పరులకోసం తన్ను తాను ఇచ్చుకున్నవాని గురించే ప్రతి ఆదివారం వింటారు వాళ్లు. అట్లాంటివాడు ఇంకొకడు ఉంటాడంటే, అది లేవి అంటే, ఎందుకు నమ్మరు? ఆ నమ్మకం లోతు ఎంతో మా ఆయనకు బాగా తెలుసు. వాళ్లలో పుట్టినవాడే కదా.

అన్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల చూస్తున్నాడు. తర్వాత అన్న నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, జీవమ్మవ్వ వైపు తిరిగాడు.

"అవునవ్వా," అన్నాడు. "నేనే చెప్పి పంపినా. మీరు మాట దాటలేదు."

సంఘమంతా ఆమెన్ అంది. అందరి ఆమెన్‌లలో మా ఆయన ఆమెన్ నాకు విడిగా వినిపించింది. గండం గడిచినవాని ఆమెన్ అది. దర్జాగా తల కూడా ఎత్తాడు.

ఆ తల ఎత్తకపోయుంటే నేను ఊరుకునేదాన్నేమో, చెప్పలేను. లేచి నిలబడ్డాను. సాక్ష్యం చెప్పేవాళ్లు స్తోత్రంతో మొదలుపెట్టాలి. నేను పెట్టలేదు.

"మా అన్న చెప్పలేదు," అన్నాను. "ఆ రెండు దినాలు నేను ఆయన ఇంట్లోనే ఉండా. ఊర్లన్నీ చెయ్యిచ్చినా మా చెల్లెలి ఊరు ఇయ్యదని చెప్పుకొని అన్నం తిన్యాడు. ఆ మాట పంపింది వీరభద్ర. ఇంటింటికీ మోసింది నా మొగుడు. అవతలి పార్టీ ఎమ్మెల్యే ఓట్లు వీరభద్రకు, మా అన్న ఎంపీ ఓట్లు అవతలాయనకు. మీ దారి గురించి అందులో ఏం లేదు."

"కూచో దీవెనా, బావే ఒప్పుకున్యాడు గదా," అన్నాడు మా ఆయన. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు.

జీవమ్మవ్వ ఆయన మాట వినలేదు. అన్నను అడిగింది. "నిజం చెప్పు నాయనా. నిన్ను ఓడగొట్టింది మేమేనా?"

మా అన్న నలభై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడు. ఏ ప్రశ్నకూ జవాబు లేకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నిలబడ్డాడు. ఒక అబద్ధం ఆడగలిగాడు గానీ రెండోది ఆయనవల్ల కాలేదు. జీవమ్మవ్వ గోడ పట్టుకునే కూర్చుంది. కూర్చుని, మా ఆయన వైపు చూసి, "నా చెయ్యి పట్టుకొని ప్రార్థన చేసి చెప్తివి గదరా" అంది. గొంతు పెంచలేదు. తిట్టలేదు. అయ్యగారు గబగబా ముగింపు పాట ఎత్తుకున్నారు, పక్కన ఒక్క గొంతు కలవలేదు.

అన్న మా ఇంటికి రాలేదు. జీవమ్మవ్వ వెంట ఆమె ఇంటికి పోయి, కొట్టం నీడన కూర్చుని, పెట్టినంత తిన్నాడు. ఆమె చేతిలోనుంచి గరిటె తీసుకుని నేనే వడ్డించాను. తలుపు మొగం మీద వేసినందుకు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించమని అడగలేకపోయాను. పల్లె ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి దూరంగా నిలబడి చూసి పోయారు. ఎండకు వంకలో రాళ్లు కూడా తెల్లగా మెరుస్తున్నాయి.

బస్సు కోసం రోడ్డు దాకా ఇద్దరమే నడిచాం. ఆ దారిలోనే మా ఆయన మోటారు సైకిలు మీద మమ్మల్ని దాటిపోయాడు, ఆలూరు వైపు, వీరభద్ర ఇంటికే అయ్యుంటుంది. ఆగలేదు. అన్న ఆ దుమ్ము అణిగేదాకా ఆగి, కండువాతో మొగం తుడుచుకున్నాడు.

"ఎందుకు లేసినావు పాపా?" అన్నాడు. "నేనొక్కన్నే ఓడిపోయింటే సరిపోతాండె గదా. ఆ అవ్వ నెమ్మదిగా ఉంటాండె. నీ కాపురం నిలబడతాండె."

"నీకు సరిపోతాదేమో అన్నా," అన్నాను. "ఆ మనిషి పక్కన పండుకోవాల్సింది నేను గదా."